వదిలిపోయిన కారణం

నాలుగింటికి రమ్మన్నారు కదా అని పది నిమిషాల ముందే వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చున్న మాస్టారితో, లోపల ఇంకా ఫిజిక్సు వాళ్ళ వంతే నడుస్తోందనీ, తమరిని పిలిచేసరికి అయిదు కావచ్చనీ అటెండరు చల్లగా చెప్పి వెళ్ళిపోయాడు. అయిదంటే సరిగ్గా కింది అంతస్తులో పరిశోధన విభాగం కిటికీ మూసేసే వేళ. ఆ కిటికీ వెనక కూర్చునే గుమస్తా ఆవిడ గడియారం చూసి తలుపు వేసే మనిషి, ముల్లు అటు కదిలాక మంత్రిగారొచ్చి తట్టినా తియ్యదు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి చేరి ఈ రోజుతో తొమ్మిదేళ్ళు నిండుతాయి. తొమ్మిదేళ్ళు దాటితే రిజిస్ట్రేషను దానంతటదే రద్దు, ఇక పొడిగింపు అన్న మాటే లేదు. నాలుగున్నరకి వస్తానంది. బైండు చేసిన నాలుగు ప్రతుల్లో మూడు ఆమె దగ్గరున్నాయి, నాలుగోది మాస్టారి ఒళ్ళో ఉంది, మూడువందల పన్నెండు పేజీలు, ముదురు గోధుమరంగు అట్ట, మొదటి పేజీలో ఈ పరిశోధన నా పర్యవేక్షణలో జరిగిందనీ సమర్పణకు తగినదనీ ధ్రువీకరిస్తున్నాను అన్న రెండు వరుసలు, వాటి కింద ఖాళీ. ఆ ఖాళీలో సంతకం పెట్టాలో వద్దో మాస్టారు ఇంకా తేల్చుకోలేదు.

తేల్చుకోలేకపోవడానికి కారణం అయిదో చాప్టరు. మిగతా ఆరూ నిటారుగా నడుస్తాయి, వాక్యం వెనక వాక్యం, ఆధారం వెనక ఆధారం, ఎక్కడా అమ్మాయి గొంతు వణకదు. అయిదులోకి వచ్చేసరికి కుంటుతుంది. చెప్పబోయి ఆగుతుంది, కావచ్చు అంటుంది, ఇంకా పరిశీలించవలసి ఉంది అంటుంది, పేజీల కొద్దీ నీళ్ళు నములుతుంది. మూడుసార్లు ఆ చాప్టరు తిప్పి పంపారు మాస్టారు, మూడుసార్లూ అంచున ఎర్రసిరాతో ‘ఇంకొంచెం స్పష్టత కావాలి’ అని రాసి. ఒక్కోసారి ఆ మూడు మాటలు రాయడానికి పది నెలలు పట్టింది, తన బల్ల మీద కాగితాలు ఎంత ఊరితే అంత మంచిదని ఆయన నమ్మకం. పొద్దున చెప్పులు వేసుకుంటుంటే భార్య, ముప్పైరెండేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పి మానేసిన మనిషి, గుమ్మంలో నిలబడి అడగనే అడిగింది. మా బళ్ళో ముప్పైఅయిదొస్తే పాసు, మీ బళ్ళో తొంభైతొమ్మిదొచ్చినా ఫెయిలేనా, చేరినప్పుడు పెళ్ళికాని పిల్ల, ఇప్పుడు దాని పిల్లలు బడికి పోతున్నారు, సంతకం పెడితే మీ చెయ్యేమైనా అరిగిపోతుందా అంది. ఆయనకి చురుక్కుమంది. తప్పున్న కాగితం కింద నా పేరు ఉండదు, ముప్పైఏళ్ళుగా లేదు, ఈ నెలాఖరుకి రిటైరవుతూ ఇప్పుడెందుకు, అని గట్టిగా అనుకున్నారు గానీ పైకి అనలేదు. అంటే ఆవిడ వేసే రెండో ప్రశ్నకి జవాబు ఉండదని ఆయనకి తెలుసు.

థీసిసు మీద ఇంకో కాగితం ఉంది, సమీక్షా సంఘం వారు పంపినది, లోపల ఇప్పుడు ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతున్నది దాని గురించే. ఏ శాఖలో ఎంతమంది పరిశోధనకి చేరారు, ఎంతమంది పూర్తిచేశారు, ఎంతమంది మధ్యలో వదిలిపోయారు, ఎన్నో ఏట, ఎందుకు. కెమిస్ట్రీలో పదిమంది చేరితే తొమ్మిదిమంది డిగ్రీతో బయటపడ్డారట, లెక్కల శాఖలో ఏడుగురు, మాస్టారి చరిత్ర శాఖలో నలుగురు. మాస్టారి సొంత లెక్క అంతకంటే ముచ్చటగా ఉంది. పద్నాలుగు మంది చేరారు, ముగ్గురు పూర్తిచేశారు, పదిమంది వదిలిపోయారు, ఒకరు కొనసాగుతున్నారు. అయిదు దాటితే ఆ ఒకరు కూడా పక్క గడిలోకి జరుగుతారు. పక్కన కూర్చున్న కెమిస్ట్రీ ఆయన, తన వంతు కోసం ఆయనా ఎదురుచూస్తున్నాడు, మెడ సాచి ఆ కాగితంలోకి తొంగి చూసి నాలుక కరుచుకున్నాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్ళు, ఆయన నోటికి గొళ్ళెం ఉండదు.

“మా దగ్గర పారిపోయేవాడు రెండో ఏడే పారిపోతాడండీ. మీవాళ్ళు ఆరేళ్ళు, ఏడేళ్ళు కూర్చుని అప్పుడు పోతారు. అదేం ఖర్మ?” అని, తనే జవాబు చెప్పుకున్నాడు. “మేం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే గదిలో పడి ఏడుస్తాం. నేను తప్పు చేస్తే మధ్యాహ్నానికల్లా ఎవడో ఒకడు మొహం మీదే చెప్తాడు. చెప్పకపోతే సీసా చెప్తుంది.”

నవ్వేసి, టీ తాగొస్తానని లేచి వెళ్ళాడు. మాస్టారు నవ్వలేదు. పైన ఫ్యాను తిరుగుతున్నట్టు శబ్దం చేస్తోంది గానీ గాలి రావడం లేదు, లోపల ఎవరో కుర్చీ ఈడ్చారు, ఎదురుగా గోడ మీద పెచ్చు లేచిన సున్నం ఏదో దేశం పటంలా ఉంది, ఏ దేశమో గుర్తు రావడం లేదు. చివరి గడి పేరు ‘వదిలిపోయిన కారణం’. అంగుళం వెడల్పు. ఇంట్లో కూర్చుని బుద్ధిగా నింపుకొచ్చారు, ఎవరు ఏం చెప్పి వెళ్ళారో అదే. మొదట పోయినవాడు కళ్ళద్దాలబ్బాయి, బ్యాంకు ఉద్యోగం వచ్చిందన్నాడు. రెండో అమ్మాయికి పెళ్ళి. మూడోవాడికి తండ్రి జబ్బు. నాలుగోవాడు ఆసక్తి తగ్గింది సార్ అన్నాడు, ఆ మాట అంటున్నప్పుడు వాడి కళ్ళనిండా నీళ్ళెందుకున్నాయో అప్పట్లో పట్టించుకోలేదు. ఒకరికి కళ్ళ జబ్బు, ఒకరు మందుల షాపు పెట్టుకున్నారు. పొడుగాయన, అందరూ అన్నయ్యా అని పిలిచేవాళ్ళు, ఎనిమిదో ఏట వచ్చి నాకిది రాసిపెట్టి లేదు సార్ అని పుస్తకాలన్నీ తిరిగిచ్చి, వంగి నమస్కారం పెట్టి మెట్లు దిగిపోయాడు. మాస్టారు ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. ఈ తరానికి ఓపిక లేదని మర్నాడు డిపార్టుమెంటులో అందరితో అన్నారు. ఎనిమిదేళ్ళు కూర్చున్నవాడికి ఓపిక లేదన్నారు, ఆ మాటకి ఎవరూ నవ్వలేదు, నవ్వి ఉండాల్సింది.

మరి ఆ ముగ్గురు ఎలా పూర్తిచేశారు. వాళ్ళేం మిగతావాళ్ళకంటే మొనగాళ్ళు కారు, ఒకడికైతే కుదురుగా పేరా రాయడం చివరిదాకా రాలేదు. ఒకడు రైలుమార్గాల మీద రాశాడు, ఒకామె ఆడపిల్లల బడుల మీద, మూడోవాడు కాలువల మీద. అయిదేళ్ళలో, ఆరేళ్ళలో, నవ్వుకుంటూ పోయారు. మిగతా పదిమందీ, పదకొండో అమ్మాయీ మగ్గాల మీద. మగ్గాల ఊరు అంటే మాస్టారి ఊరే, ఆయన పుట్టింది అక్కడ కాదు, పేరు పుట్టింది అక్కడ. ఇరవైఎనిమిదేళ్ళ కిందట రాసిన పుస్తకం. పాత కచేరీలో ఎలుకలు కొట్టిన మగ్గాల రిజిస్టరు వెతికి పట్టుకుని, దానిలో పందొమ్మిది వందల వరుసలు ఒక్కొక్కటీ చేత్తో ఎక్కించుకుని, ఇరవైఏళ్ళ తరవాతి రిజిస్టరులో ఏడువందలే మిగిలాయని చూసి, మిల్లు వచ్చాక పన్నెండు వందల కుటుంబాలు ఊరు విడిచిపోయాయని రాశారు. ఆ వాక్యం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది, ఉపన్యాసాల్లోకి ఎక్కింది. రైళ్ళవాడూ బడులావిడా తమ అంశాలు తామే తెచ్చుకున్నారు, మిగతా ప్రతివాడికీ ఆ ఊరినే ఇచ్చారు, ప్రేమగానే ఇచ్చారు, తన ఇంట్లో ఒక గది ఇచ్చినట్టు. కాలువలవాడు నాకొద్దు సార్ అన్నాడు, వాడొక్కడే. వద్దన్నవాడు గట్టెక్కాడు. ఇదేదో కాకతాళీయం అనుకున్నారు మాస్టారు, భార్య అయితే పదకొండుకి పదకొండు కాకతాళీయమా అని అడిగేది.

చేతులు ఊరికే ఉండలేక థీసిసు తెరిచారు. అయిదో చాప్టరు నూటఅరవైఎనిమిదో పేజీ. పందొమ్మిది వందల కుటుంబాలు అని ఉంది, పక్కన చిన్న అంకె, కింద ఫుట్‌నోటులో తన పుస్తకం. తరవాతి పేరాలో మళ్ళీ ఆ కుంటినడక. ఎప్పుడూ ఇక్కడే విసుగొచ్చి ఎర్రపెన్ను తీసేవారు, ముందుకి పోయేవారు కాదు. ఈసారి పెన్ను ఇంట్లో మరిచిపోయారు, అందుకని ముందుకి పోయారు, చివరికంటా పోయారు, అనుబంధాల దాకా. అనుబంధాలు ఎవరూ చదవరు, గైడులు అసలే చదవరు. మూడో అనుబంధం ఒక పట్టిక, పైన ‘టీకాల రిజిస్టరు’ అని మాత్రమే ఉంది. మశూచికి ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసినవాళ్ళు ఏ వీధిలో ఎన్ని ఇళ్ళు, ఏ ఇంట్లో ఎంతమంది రాసుకున్న లెక్క. అదే ఊరు. అదే ఏడు. కింద మొత్తం, ఇళ్ళు ఆరువందల నలభై. ఇరవైఏళ్ళ తరవాత ఇంకో వరుస, ఇళ్ళు ఆరువందల పది. అంతే. అమ్మాయి దాని గురించి ఒక్క మాట రాయలేదు. ఏ చాప్టరులోనూ దాన్ని ఉదహరించలేదు. అడ్డంగా ఉన్న సామాను అటకెక్కించినట్టు తీసుకొచ్చి చివర పెట్టేసింది.

ఆరువందల నలభై ఏమిటి, నాది పందొమ్మిది వందలు కదా. టీకాలవాళ్ళు ఊరంతా తిరిగి ఉండరు. లేదు, పద్నాలుగు వీధులూ ఉన్నాయి, ఆ వీధులన్నీ ఆయనకి కంఠతా వచ్చు. సగం మంది టీకాకి జడిసి తలుపులు వేసుకుని ఉంటారు. లేదు, తలుపు తియ్యని ఇళ్ళు వేరే రాశారు, పదిహేడు. ఆరువందల నలభైని మూడుతో హెచ్చిస్తే పందొమ్మిది వందల ఇరవై. మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు, ఆరువందల నలభై ఆరువందల నలభైలాగే ఉంది. ఇంటికి మూడు మగ్గాలు. రిజిస్టరు మగ్గాలది. వరుసకొక మగ్గం, ఇంటికొక వరుస కాదు. ఒకే పేరు మూడేసి సార్లు వస్తుంటే, ఆ రోజుల్లో తాత పేరే మనవళ్ళందరికీ పెట్టేవారు కాబట్టి వీళ్ళు ముగ్గురు వేరువేరు మనుషులని, ముప్పైరెండేళ్ళ వయసులో, ఒక కిటికీ దగ్గర కూర్చుని, చాలా సంతోషంగా తేల్చేశారు. ఓ ముప్పై ఇళ్ళు తప్ప ఎవరూ పోలేదు. పన్నెండు వందల కుటుంబాలు లేనేలేవు పోవడానికి. మగ్గాలు అమ్ముకుని, ఒక్కటి ఉంచుకుని, అవే ఇళ్ళల్లో, అవే వీధుల్లో ఉన్నారు వాళ్ళు, తనే వాళ్ళని లెక్కలోంచి తోసేసి, పాపం వెళ్ళిపోయారని ఇరవైఎనిమిదేళ్ళు బాధపడ్డారు.

కళ్ళద్దాలబ్బాయి ఒకసారి అడిగాడు. ఇప్పుడు వచ్చింది ఆ మాట, ఇన్నాళ్ళూ ఎక్కడుందో. వాన పడుతోంది, వాడి గొడుగు మూలన కారుతోంది, సార్, ఆరోగ్యశాఖ వాళ్ళ పాత కాగితాలు కూడా ఒకసారి చూడమంటారా అన్నాడు. అవన్నీ మన పనికి రావోయ్ అన్నారు తను, నవ్వుతూనే. వాడు సరే సార్ అన్నాడు. ఆ సరే తరవాత ఏడాదికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది. ఎందుకు పనికి రావన్నారు. చూశారా, చూడలేదు. చూడకుండా ఎలా తెలిసింది. అప్పుడే ఎక్కడో ముల్లు గుచ్చుకుందా, గుచ్చుకుంటే తీసి చూసుకోకుండా దాని మీదే ఇన్నేళ్ళు నడిచారా, ఆరోగ్యశాఖ అన్న మాట వినగానే అంత తొందరగా నవ్వెందుకు వచ్చింది. తెలియదు. నిజంగా తెలియదా అంటే అదీ తెలియదు. ఆయనకి చాలా భయం వేసింది. చిన్నతనంలో లెక్క తప్పు చేసి పలక దాచుకున్నప్పటి భయం కాదది, పలక దాచిన సంగతి మరిచిపోయి ఒక జీవితం గడిపేసినవాడి భయం. ఇంకొంచెం స్పష్టత కావాలి అని రాసిన చెయ్యి ఒళ్ళో పడి ఉంది, దాన్ని చూడబుద్ధి కాలేదు. స్పష్టంగా ఎలా రాస్తారు, తన పేరు అడ్డంగా కూర్చుంటే.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. అమ్మాయి వచ్చింది, మూడు ప్రతులూ ఎత్తుకుని, ఆయాసపడుతూ. బెంచీ మీద కూర్చోమన్నా కూర్చోదు, తొమ్మిదేళ్ళలో ఆయన ఎదుట ఎప్పుడూ కూర్చోలేదు. గోడ గడియారం నాలుగూ ముప్పైరెండు చూపిస్తోంది. ఆమె సంతకం ఊసెత్తలేదు, ఎత్తకుండా గడియారం వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. మాస్టారు అనుబంధం పేజీ మీద వేలు పెట్టారు.

“ఇది ఎప్పుడు చూశావమ్మా?”

ఆమె ఆ పట్టిక వైపు చూసింది. “మూడో ఏడు సార్,” అంది.

మూడో ఏడు. ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ప్రతి నెలా వచ్చి, ఎదురుగా నిలబడి, ఆయన ఆ ఊరి గురించి చెబుతుంటే రాసుకుంది. నాకెందుకు చెప్పలేదు అని అడిగారు. ఆమె అటూ ఇటూ చూసింది. అన్నయ్య వద్దన్నాడంది. పొడుగాయన. ఆయనకి అంతకు ముందున్నావిడ చెప్పిందట, ఆవిడకి ఇంకొకరు, అలా వెనక్కి వెళ్తే మొదట కనిపెట్టింది కళ్ళద్దాలాయనేనట. రిసెర్చి స్కాలర్ల గదిలోకి కొత్తగా ఎవరొచ్చినా మొదటి వారంలో తాళంచెవితో పాటు చెప్పే సంగతి ఇదేనట, లెక్క జోలికి వెళ్ళకు, దాన్ని తప్పించుకుని ఎలా రాయగలవో చూసుకో. తప్పించుకుని రాయడం ఎవరికీ చేతకాలేదు. అబద్ధం రాయలేక, నిజం రాయలేక, ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోయారు.

“నేనంటే అంత భయమా మీకు?”

“భయం కాదు సార్. భయమైతే ఎవరో ఒకరు ఎప్పుడో ఎదురు తిరిగేవాళ్ళు.” ఆమె పుస్తకాలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. “మీరు తట్టుకోలేరని.”

పదిమంది పెద్దపిల్లలు, ఒకరి తరవాత ఒకరు, తమ వయసులో మంచి ఏళ్ళన్నీ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టి, ఆయన నిద్ర చెడకుండా చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచారు. ఓపిక లేనివాళ్ళన్నారు తను. ఒకరినైనా పిలిచి భుజం తట్టలేదు. పిలిచి తిట్టి ఉన్నా బాగుండేది, తిట్టు పడ్డవాడు తిరిగి అంటాడు. ఏడుపొచ్చింది, అమ్మాయి ముందు ఏడిస్తే మళ్ళీ ఆయన్నే ఓదార్చే పని ఆమె మీద పడుతుంది, దాంతో మింగేశారు. పెన్నుందా అన్నారు. ఆమె ఇచ్చింది. నాలుగు ప్రతుల్లో నాలుగు సంతకాలు పెట్టారు, చెయ్యి ఏమీ అరగలేదు. ఆమె పుస్తకాలు అందుకోబోయింది. ఆగమన్నారు. తప్పొప్పుల పట్టిక జతచేయడానికి నియమం ఒప్పుకుంటుంది, గైడు సంతకంతో. సంఘం వారి ఫారం వెనక జతచేసి ఉన్న తెల్లకాగితాలు తీసుకుని, తొడ మీద అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. నూటఅరవైఎనిమిదో పేజీలో పందొమ్మిది వందల కుటుంబాలు అన్నచోట ఆరువందల నలభై అని చదువుకోవాలి, ఊరు విడిచిపోయాయి అన్నచోట విడిచిపోలేదు అని చదువుకోవాలి, మూడో అనుబంధం చూడవలెను. ఈ తప్పు పరిశోధకురాలిది కాదు, గైడు రాసిన గ్రంథంలోది, కనిపెట్టింది ఆయన విద్యార్థులు. నాలుగుసార్లు రాసి, కింద సంతకాలు పెట్టారు. నాలుగోసారి అక్షరాలు కుదురుగా వచ్చాయి.

ఆమె చదివి, వద్దు సార్, ఇది అక్కర్లేదు, ఇలాగే ఇచ్చేస్తాను అంది. అప్పటికి నాలుగూ నలభైఏడు. కిందికి పరిగెత్తు అన్నారు. అయినా ఆమె కదల్లేదు, అసలు చాప్టరు ఇంట్లో ఉంది సార్ అంది, నలభై పేజీలు, మూడో ఏడే రాసుకున్నాను. బాగుందా అని అడిగారు మాస్టారు. తొమ్మిదేళ్ళలో ఆమె రాసినది ఏదైనా ఎలా ఉందని అడిగితే, మీరే చూసి చెప్పాలి సార్ అనడమే ఆయన విన్నారు. ఈసారి బాగుంది సార్ అంది. అని, కాగితాలు ప్రతుల్లో దూర్చుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయింది. వరండా పిట్టగోడ మీంచి వంగి చూస్తే కింద కిటికీలోంచి గుమస్తా చెయ్యి బయటికి వచ్చి పుస్తకాలు ఒక్కొక్కటే లోపలికి లాక్కోవడం కనిపించింది. రసీదు కూడా ఇచ్చింది. అయిదుకి ఇంకా ఆరు నిమిషాలున్నాయి.

అటెండరు వచ్చి పిలిచాడు. లోపల ముగ్గురు, మధ్యలో అధ్యక్షుడు, మర్యాదస్థుడు, రిటైరవుతున్న మనిషిని నొప్పించకూడదని ముందే అనుకుని కూర్చున్నట్టున్నాడు. చరిత్రలో ఎక్కడైనా ఇంతేనండీ అన్నాడు, పాత లిపులు నేర్చుకోవాలి, కచేరీల చుట్టూ తిరగాలి, ఒంటరి పని, సైన్సు వాళ్ళలా జట్టుగా చేసేది కాదు, మీ తప్పేమీ లేదు, ఊరికే ఒక మాట అడుగుతున్నాం. ఈ పదిమందిలో పూర్తిచేసే సత్తా ఉన్నవాళ్ళు ఎంతమంది ఉండేవారంటారు, మీ అంచనా.

“పదిమందీ,” అన్నారు మాస్టారు.

అధ్యక్షుడు నవ్వాడు. శిష్యుల మీద ఎంత ప్రేమ అన్నట్టు పక్కవాళ్ళ వైపు చూసి, మాస్టారి ఫారం ముందుకి లాక్కుని, కారణం గడిలో పైనుంచి కింది దాకా ఒకటే గీత గీసి, దాని పక్కన ‘సబ్జెక్టు స్వభావం’ అని ముద్దులొలికే అక్షరాలతో రాశాడు. ఇక మీరు వెళ్ళొచ్చండీ అన్నాడు. మాస్టారు లేవలేదు. చెయ్యి చాపి, ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి, ఆ పెన్ను కూడా, అన్నారు.